రూల్ ప్రకారమే చేశాను, అయినా మనసు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఒక కంపెనీలో ఇరవై రెండు మంది పనిచేసే విభాగానికి ఈ మధ్యే ఇన్‌చార్జినయ్యాను. సెలవు కావాలంటే మూడు రోజుల ముందు అప్లై చేయాలి, లేదంటే లాస్ ఆఫ్ పే. ఇది మా దగ్గర రూల్. పోయిన నెల మా టీమ్‌లో ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారు మెట్ల మీద నుంచి పడి ఆసుపత్రిలో చేరారు. ఫోన్ చేసి చెప్పి వెళ్లిపోయాడు. రెండు రోజులు రాలేదు. రూల్ ప్రకారం రెండు రోజుల జీతం కట్ చేశాను. ఇంకొకావిడ ప్రతి నెలా సరిగ్గా నెలాఖరు పని మీద పడే రోజులు చూసుకుని, మూడు రోజుల ముందే పద్ధతిగా అప్లై చేసి సెలవు పెడుతుంది. ఆవిడ పని మిగతావాళ్ల నెత్తిన పడుతుంది, ఎక్కువగా ఈ అబ్బాయి మీదే. రూల్ ప్రకారం ఉంది కాబట్టి ప్రతిసారీ ఓకే చేస్తున్నాను. జీతం చూసుకున్నాక ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మీకు రూల్స్ ఉన్నాయి, ప్రిన్సిపుల్స్ లేవు" అని వెళ్లిపోయాడు. నాలుగు రాత్రుల నుంచి నిద్ర లేదు. నేను ప్రిన్సిపుల్ ఉన్న మనిషినే అనుకుంటూ వచ్చాను. ఇంట్లో చూస్తే ఇంకో రకం. మా పదమూడేళ్ల అబ్బాయికి రాత్రి పది తర్వాత ఫోన్ ముట్టుకోకూడదని రూల్ పెట్టాను. నిన్న పదకొండున్నరకి ట్యాబ్‌తో దొరికాడు. అడిగితే, "నువ్వు ఫోన్ అన్నావు కదమ్మా, ఇది ట్యాబ్" అన్నాడు. రూల్‌కీ ప్రిన్సిపుల్‌కీ అసలు తేడా ఏమిటి? ఆ అబ్బాయికి నేను సారీ చెప్పాలా?
— ఒక ఇన్‌చార్జి

సమాధానం: ఆ అబ్బాయి మాట మిమ్మల్ని ఇంతగా పట్టి పీడిస్తోందంటే, అందులో ఎంతో కొంత నిజం ఉందని మీకు అనిపించే ఉంటుంది. శుద్ధ అబద్ధమైన నింద అయితే కోపం వస్తుంది, నాలుగు తిట్లు తిట్టుకుంటాం, పడుకుంటాం. అలాగని అతను అన్నదంతా నిజమని నేననను. అతని జీతం కట్ అయింది, ఆ మంటలో అన్నాడు. కాస్త నిదానంగా చూద్దాం.

మనం మాట్లాడుకునే తీరులోనే ఒక తికమక ఉంది. "ఆయనకి ప్రిన్సిపుల్స్ ఎక్కువండీ" అని ఎవరి గురించైనా అన్నామంటే మన ఉద్దేశం ఏమిటి? ఆయన తొమ్మిదింటికల్లా పడుకుంటాడు, ఎవరికీ చేబదులు ఇవ్వడు, చెప్పకుండా వస్తే తలుపు తీయడు. ఇవన్నీ నిజానికి రూల్సే, తనకి తాను పెట్టుకున్నవి. ఎందుకు పెట్టుకున్నారండీ అని అడిగితే ఆయనే సరిగ్గా చెప్పలేకపోవచ్చు. ఇంట్లోవాళ్లు సరేసరి. మీరు "ప్రిన్సిపుల్ ఉన్న మనిషిని" అని రాసినప్పుడు కూడా "రూల్ తప్పని మనిషిని" అనే అర్థంలోనే రాశారని నా అనుమానం. రూల్ తప్పకపోవడం చిన్న విషయమేమీ కాదు. కాకపోతే అది వేరు, మీరు అడుగుతున్నది వేరు.

రూల్ అంటే ముందే తీసేసుకున్న నిర్ణయం. ఎవరో, ఎప్పుడో, రాబోయే సందర్భాల్ని ఊహించుకుని ఒక గీత గీశారు. మీ ముందుకి కాగితం వచ్చినప్పుడు గీతకి అవతలా ఇవతలా అని చూడటమే మీ పని. మూడు రోజుల ముందు అప్లై చేశాడా, చేయలేదా? క్యాలెండర్ ఉంటే చాలు, మీరు లేకపోయినా ఫరవాలేదు. కంప్యూటర్ కూడా చేసిపెడుతుంది. ప్రిన్సిపుల్‌కి, తెలుగులో సూత్రం అందాం, అలాంటి గీత ఉండదు. "ఒకరి సెలవు భారం ఇంకొకరి మీద అన్యాయంగా పడకూడదు" అనేది సూత్రం. అన్యాయంగా అంటే ఎంత, ఎవరి మీద, ఈసారి పడిందా లేదా అన్నది ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి తేల్చాలి. ఆ ఎవరో ఒకరే ఇన్‌చార్జి. మీకు ఆ కుర్చీ ఇచ్చింది అందుకే.

ఈ తేడా మీద న్యాయశాస్త్రంలో పెద్ద చర్చ లేవదీసినాయన రొనాల్డ్ డ్వార్కిన్ అనే అమెరికన్ తత్వవేత్త. 1967లో రాసిన ఒక వ్యాసంలో ఆయన పాత కేసు ఒకదాన్ని బయటికి తీశాడు. 1882లో న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మర్ పామర్ అనే పదహారేళ్ల కుర్రాడు సొంత తాతకి విషం పెట్టి చంపాడు. తాత వీలునామాలో ఆస్తిలో ఎక్కువ భాగం ఇతని పేరనే ఉంది. ముసలాయన దాన్ని మార్చేస్తాడేమోనని తొందరపడ్డాడు. హత్యకి జైలుశిక్ష పడింది, బాగానే ఉంది. మరి ఆస్తి? వీలునామాలో ఏ లోపమూ లేదు. చట్టం అడిగిన పద్ధతి ప్రకారమే రాశారు. వారసుడే హంతకుడైతే వీలునామా చెల్లదని ఆ చట్టంలో ఎక్కడా లేదు. చట్టం రాసినవాళ్లకి ఆ ఊహే వచ్చి ఉండదు.

1889లో కేసు ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానానికి వచ్చింది. తాను చేసిన తప్పు నుంచి ఎవరూ లాభం పొందకూడదన్న సూత్రాన్ని పట్టుకుని, ఎల్మర్‌కి ఆస్తి ఇవ్వనన్నారు మెజారిటీ జడ్జీలు. ఇద్దరు ఒప్పుకోలేదు. చట్టం స్పష్టంగా ఉంది, నేరానికి చట్టం చెప్పిన శిక్ష ఎలాగూ పడింది, మనకి నచ్చలేదని దాని పైన ఇంకో శిక్ష కలిపే అధికారం మనకెక్కడిది అన్నారు. కథ వినగానే మనమంతా మెజారిటీ వైపు వెళ్లిపోతాం. నాకు మాత్రం ఆ ఇద్దరి మీద కూడా గౌరవమే. వాళ్లది మొండితనం కాదు. జడ్జీలు తమ మనసుకి తోచిన న్యాయం చేయడం మొదలుపెడితే రేపు ఎవరి వీలునామాకి దిక్కెవరన్నది వాళ్ల భయం. మీలో ఉన్న భయం కూడా దాదాపు అదే కదా?

డ్వార్కిన్ ఈ కేసు నుంచి తీసిన విషయం మీకు నేరుగా పనికొస్తుంది. రూల్ వర్తిస్తే పూర్తిగా వర్తిస్తుంది, లేకపోతే అసలు వర్తించదు. సగం వర్తించడం అనేది ఉండదు. సూత్రానికి బరువు ఉంటుంది. ఒక సందర్భంలో ఒక సూత్రం ఎక్కువ తూగుతుంది, ఇంకో సందర్భంలో తక్కువ తూగుతుంది. ఓడిపోయినంత మాత్రాన అది చచ్చిపోదు. ఎల్మర్‌ని ఓడించిన సూత్రమే చూడండి, అన్ని చోట్లా గెలవదు. పరాయివాళ్ల స్థలంలోంచి ఏళ్ల తరబడి అడ్డంగా నడిచినవాడికి, అది మొదట్లో తప్పే అయినా, చివరికి దారి హక్కు వచ్చే సందర్భాలు చట్టంలో ఉన్నాయి. తప్పు వల్ల లాభమే కదా అది. అయినా ఆ సూత్రం తప్పని ఎవరూ కొట్టేయలేదు.

ఇప్పుడు మీ టేబుల్ మీదికి వద్దాం. ఆ అబ్బాయి విషయంలో రెండు బరువులున్నాయి. అందరినీ ఒకేలా చూడాలన్నది ఒకటి. తన చేతిలో లేని ఆపదకి మనిషిని శిక్షించకూడదన్నది రెండోది. మీరు ఈ రెంటినీ తూచి మొదటిదే ఎక్కువ తూగిందని తేల్చి ఉంటే, మీ నిర్ణయం నాకు నచ్చకపోయినా మిమ్మల్ని తప్పుపట్టేవాణ్ణి కాదు. మీ ఉత్తరం చూస్తే మీరు తూచినట్టు లేదు. తేదీ చూశారు, కట్ చేశారు.

అసలు ఆ మూడు రోజుల రూల్ ఎందుకు పెట్టి ఉంటారు? మనిషి రాకపోతే పని ఆగకుండా ఎవరినైనా సర్దుకోవడానికి టైమ్ ఉండాలని. అంతకంటే వేరే కారణం నాకు తోచడం లేదు. ఆ కారణం వైపు నుంచి చూస్తే మీ దగ్గర జరిగింది తలకిందులుగా కనబడుతుంది. ముందు చెప్పే వీలే లేని మనిషి దొరికిపోయాడు. చెప్పి మరీ అందరినీ ఇబ్బంది పెడుతున్న మనిషి హాయిగా బయటపడింది. రూల్ రెడీమేడ్ చొక్కా లాంటిది, సగటు ఒంటికి కుడతారు. ఎవరికో బిగుతవుతుంది, ఎవరికో వదులవుతుంది. అది కుట్టినవాడి తప్పు కాదు. వేసేటప్పుడు చూసుకోవాల్సింది మనం.

ఇంత చెప్పాను కదా అని రూల్స్ తీసి గట్టున పెట్టమంటున్నానని అనుకోకండి. ఒట్టి సూత్రాల మీద నడిపితే ఏమవుతుందో చూపించే ముచ్చట ఒకటి ఉంది. 1995 చివర్లో అమెరికాలో దేశం మొత్తానికీ ఉన్న వేగపరిమితి చట్టం తీసేశాక, మోంటానా రాష్ట్రంలో హైవేల మీద పగటిపూట కార్లకి అంకెలో వేగపరిమితి లేకుండా పోయింది. "సమంజసంగా, జాగ్రత్తగా" నడపాలి, అంతే. వినడానికి ఎంత బాగుందో చూడండి, మనిషిని పెద్దమనిషిగా చూసినట్టుంది. గంటకి 85 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 137 కిలోమీటర్లతో వెళ్తున్న ఒకాయనకి పోలీసులు చలానా రాశారు. ఆయన ఊరుకోకుండా కోర్టుకెళ్లాడు. ఎంత వేగం దాటితే తప్పో మామూలు మనిషికి ముందుగా తెలిసే మార్గమే లేనప్పుడు శిక్ష ఎలా వేస్తారంటూ 1998 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1999లో మళ్లీ అంకె పెట్టారు, గంటకి 75 మైళ్లని. సమంజసం అంటే ఏమిటో రోడ్డు పక్కన నిలబడ్డ పోలీసుకి ఆ పూట తోచినదే అయితే, అది సూత్రం పేరుతో నడిచే ఇష్టారాజ్యం.

ఆఫీసుల్లో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. "మా సారుకి రూల్స్ పట్టింపు లేదు, మనిషిని చూసి చేస్తారు" అని గొప్పగా చెప్పుకునే చోట ఒక్క నెల పనిచేసి చూడండి. మనిషిని చూసి అంటే ఏ మనిషిని? బాగా మాట్లాడే మనిషిని, నవ్వుతూ పలకరించే మనిషిని, ఆయనకి దగ్గర మనిషిని. నోరు లేనివాడికి అక్కడ దిక్కుండదు. నోరు లేనివాడికి అండ రూలే. అందుకే "రూల్స్ కంటే ప్రిన్సిపుల్స్ ముఖ్యం" అని ఎవరైనా గట్టిగా అంటుంటే నేను కాస్త చెవులు రిక్కిస్తాను, ఈయన ఏ రూల్ నుంచి తప్పించుకోవాలనుకుంటున్నాడా అని.

ఇంకొంచెం లోపలి సంగతి. ఇది మీ కోసం ఎంతో నా కోసమూ అంతే. నేను కూడా చాలా ఏళ్ల కింద దరఖాస్తులు తీసుకునే సీట్లో కూర్చున్నాను. ఒకరోజు ఒక పెద్దాయన ఆఖరి తేదీ దాటిన మర్నాడు పొద్దున్నే వచ్చారు. రూల్ ఒప్పుకోదన్నాను. ఆయన ఏమీ అనలేదు, కాగితాలు మడిచి పెట్టుకుని వెళ్లిపోయారు. నన్ను తర్వాత ఇబ్బంది పెట్టింది ఆయన వెళ్లిపోవడం కాదు, "లేదండీ, రూల్" అన్నప్పుడు నా లోపల కలిగిన హాయి. ఆలోచించక్కర్లేదు, ఆయన ముఖం చూడక్కర్లేదు, పైవాళ్లకి జవాబు చెప్పక్కర్లేదు. కాదన్నది నేను కాదు, రూలు! అన్నేళ్ల తర్వాత కూడా ఆ హాయి నాకు గుర్తుంది. జీతం కట్ చేసే కాగితం మీద సంతకం పెట్టినప్పుడు మీకు కూడా ఆ హాయి కలిగిందా? కలిగి ఉంటే మీ నిద్ర పోవడానికి కారణం ఆ అబ్బాయి మాట కాదు, అదే.

మన భాషలో ఈ గొడవకి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: ధర్మసూక్ష్మం. మహాభారతంలో కర్ణపర్వంలో దీని మీద పెద్ద సన్నివేశమే నడుస్తుంది. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరానికి చేరిన ధర్మరాజు, అర్జునుడు ఇంకా కర్ణుణ్ణి చంపకుండానే వచ్చాడని తెలిసి, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్ అంటాడు. గాండీవాన్ని ఇంకొకరికి ఇమ్మన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఒక వ్రతం ఉంది. అంటే రూల్. వెంటనే కత్తి దూస్తాడు, అన్నగారి మీదికి! రూల్‌లో "అన్న అయితే తప్ప" అని లేదు మరి.

కృష్ణుడు ఆపి ఒక కథ చెబుతాడు. కౌశికుడనే తపస్వి ఎప్పుడూ సత్యమే పలుకుతానని నియమం పెట్టుకున్నాడు. దొంగలు తరుముతుంటే కొందరు పరుగెత్తుకొచ్చి ఆయన ఉండే అడవిలోనే దాక్కున్నారు. దొంగలు వచ్చి ఎటు వెళ్లారని అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అందరూ చచ్చారు. నియమం మాత్రం చెక్కు చెదరలేదు. ఆ కౌశికుడు నరకానికి పోయాడంటాడు కృష్ణుడు. ఇదే చిక్కు మీద 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక వ్యాసం రాశాడు. హంతకుడు గుమ్మంలో నిలబడి నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదన్నది ఆయన తీర్పు. ఇద్దరి ముందూ ఉన్నది ఇంచుమించు ఒకే ప్రశ్న. నేను ఏ పక్షమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

నాకు ఆ సన్నివేశంలో ఇంకా బాగా నచ్చేది ఆ తర్వాత జరిగేది. వ్రతం వదిలెయ్ అని కృష్ణుడు అనడు. పెద్దవాళ్లని అవమానిస్తే చంపినట్టే, కాబట్టి "మీరు" అనాల్సిన అన్నని ఒక్కసారి "నువ్వు" అను, నీ వ్రతం తీరిపోతుంది అంటాడు. ఇది లొసుగు కాక మరేమిటి? మీవాడి "ఇది ట్యాబ్" అన్న మాటకీ దీనికీ పైకి తేడా ఏమీ లేదు. ఇద్దరూ మాటని పట్టుకునే తప్పించుకున్నారు. తేడా ఎక్కడంటే, కృష్ణుడి లొసుగు వ్రతానికి మించిన దాన్ని, ఒక ప్రాణాన్ని కాపాడింది. మీవాడి లొసుగు ఏ నిద్ర కోసం మీరు రూల్ పెట్టారో ఆ నిద్రనే మింగేసింది.

మీవాడి విషయంలో నాకేమీ పెద్ద కంగారు లేదు. వాడు రూల్‌ని మీ కంటే శ్రద్ధగా చదివాడు, అంతే. మీరు ఇప్పుడు కోపంలో "స్క్రీన్ ఉన్న ఏ వస్తువూ వద్దు" అని రూల్‌ని వెడల్పు చేస్తారు. వాడు కళ్లు మూసుకుని ఇయర్‌ఫోన్స్‌లో కబుర్లు వింటాడు. మీరు దాన్ని కూడా చేరుస్తారు. ఈ ఆటలో మీరు గెలవలేరు, వాడికి ఖాళీ ఎక్కువ. పెద్ద పెద్ద కంపెనీలతో ప్రభుత్వాలే గెలవలేకపోయాయి. అమెరికాలో ఎన్రాన్ అనే కంపెనీ సంగతి మీరు వినే ఉంటారు. విడిగా పెట్టిన సంస్థలో బయటివాళ్ల పెట్టుబడి కనీసం 3 శాతం ఉంటే దాన్ని మాతృసంస్థ లెక్కల్లో కలిపి చూపించక్కర్లేదని అప్పట్లో అక్కడి అకౌంటింగ్‌లో ఒక ఆనవాయితీ రూల్ ఉండేది. వాళ్లు అలాంటి సంస్థల్ని పేర్చి పేర్చి అప్పులు వాటిలోకి నెట్టారు. 2001 డిసెంబరులో దివాలా తీశారు. తమాషా ఏమిటంటే, ఆ 3 శాతం కూడా ఒక ముఖ్యమైన సంస్థలో సరిగ్గా లేదని బయటపడింది. లొసుగుల్లో బతకడం అలవాటైనవాడికి కొన్నాళ్లకి లొసుగు కూడా అక్కర్లేకుండా పోతుంది.

అందుకని మీవాడితో రూల్ గురించి వాదించకండి. ఫోనా ట్యాబా అన్న చర్చలోకి దిగారంటే వాడు గీసిన బరిలోకి దిగినట్టే. పొద్దున్న వాడు ఎలా లేస్తున్నాడో, స్కూల్లో ఏ పీరియడ్‌లో తూగుతున్నాడో వాణ్ణే చెప్పమనండి. "నీకు ఎన్ని గంటల నిద్ర కావాలో, దానికి అడ్డం వచ్చేవి ఏమిటో నువ్వే రాసివ్వు, అదే రూల్ చేద్దాం" అనండి. పదమూడేళ్లవాడు ఒప్పుకోకుండా గునుస్తాడు, రాసేటప్పుడు కూడా ఎక్కడో ఒక సందు వదులుకుంటాడు. వదులుకోనివ్వండి. ఈసారి ఆ సందులోంచి దూరితే తను రాసిన మాటనే తను తప్పినట్టవుతుంది, ఆ సంగతి వాడికి తెలుస్తుంది. అప్పటివరకూ ట్యాబ్ మాత్రం రాత్రి మీ గదిలోనే ఉంచుకోండి. నేనేమీ సన్యాసిని కాను.

మళ్లీ ఆఫీసు. లాస్ ఆఫ్ పే గురించి మీకు ఒక ప్రయోగం చెప్పాలి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో 10 డే కేర్ సెంటర్లని ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి వాటిలో 6 సెంటర్లు జరిమానా మొదలుపెట్టాయి. ఆలస్యాలు తగ్గాలి కదా? దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచరమ్మ ఎదురుచూస్తోందే అని మొహమాటంగా ఉండేది. జరిమానా వచ్చాక అది కాస్తా ధర అయిపోయింది, కట్టేస్తే సరి. తర్వాత జరిమానా తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. మీ దగ్గర నెలాఖరు సెలవుల ఆవిడకి జరిగింది కూడా ఇలాంటిదే. మూడు రోజుల ముందు అప్లై చేయడమనే ధర ఆవిడ కట్టేస్తోంది. ఇక సహోద్యోగులకి తాను ఏమైనా బాకీ ఉన్నానన్న ఊహే ఆవిడకి రాదు. ఎందుకు వస్తుంది, మీరే ప్రతి నెలా ఓకే చేస్తున్నారు కదా.

ఆవిడతో మాట్లాడండి. రూల్ తప్పారని అనకండి, తప్పలేదు. "వరసగా నెలాఖరులోనే వస్తోంది, ఆ పని ఫలానావాళ్ల మీద పడుతోంది, ఏం చేద్దాం?" అని అడగండి. ఆవిడ ఇంట్లో ప్రతి నెలా ఆ రోజుల్లోనే తప్పనిసరి పని ఏదైనా ఉండి ఉండవచ్చు. మీకు తెలియదు, నాకూ తెలియదు. అడిగితే తెలుస్తుంది. అలాంటిదే ఉంటే పని పంచడం మార్చండి. లేకపోతే సెలవు కాదనే అధికారం మీ చేతిలో ఉంది, ఈసారి వాడండి. కాదనడం కష్టంగానే ఉంటుంది, అక్కడ రూల్ చాటుకి వెళ్లే వీలు లేదు.

మూడు రోజుల రూల్‌ని ఎత్తేయించకండి. దాని కింద ఇంకో రెండు వాక్యాలు పెట్టించండి. ఇందులో వింతేమీ లేదు, ప్రాణాల మీదికొచ్చే పనుల్లో రూల్స్ రాసేవాళ్లు ఈ సంగతి ముందే పట్టించుకున్నారు. సముద్రంలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనల్లో రెండోది చూడండి. ఈ నిబంధనలు పాటించాల్సిందే, అయినా మామూలు నావికుడు తీసుకునే జాగ్రత్త తీసుకోకపోతే మినహాయింపు లేదు, అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం తప్పించడానికి అవసరమైతే వీటినే పక్కన పెట్టాల్సి రావచ్చు అని ఉంటుంది. "నేను రూల్ ప్రకారమే నడిపాను, వాడొచ్చి గుద్దాడు" అన్న కెప్టెన్‌కి పూర్తి రక్షణ లేదన్నమాట. అమెరికా విమానయాన నిబంధనల్లో ఇంకో మంచి మెలిక ఉంది. ఆకాశంలో అత్యవసరం వస్తే పైలట్ అవసరమైనంత మేరకు నిబంధన దాటవచ్చు, అయితే అధికారులు అడిగితే ఎందుకు దాటాడో రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఆ "రాతపూర్వకంగా" అన్నదే మీకు కావాల్సింది. మీ రూల్ కింద రాయించండి: ముందు తెలియని అత్యవసరమైతే ఇన్‌చార్జి మినహాయింపు ఇవ్వవచ్చు, ఇచ్చినప్పుడు కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ రిజిస్టర్ అందరికీ కనబడే చోట ఉంచండి. ఆసుపత్రి, ఇంటి సమస్య లాంటి సొంత వివరాలు అందులో వద్దు, "అత్యవసరం, రుజువు చూశాను" అంటే చాలు. మొదట్లో నలుగురూ వస్తారు. ఒకరికి ఇచ్చి నాకెందుకు ఇవ్వరంటారు. అప్పుడు మీరు తూచి జవాబు చెప్పాలి, ఆ జవాబు రేపు ఇంకొకరికి చెప్పే జవాబుతో పొసగాలి. ఆరు నెలలు ఇలా చేస్తే ఆ రిజిస్టరే మీకు మంచి రూల్స్ రాసిపెడుతుంది.

మినహాయింపు ఇచ్చేటప్పుడు నేను వాడే ఒక చిన్న పరీక్ష ఉంది. ఇదే కారణంతో నాకు అస్సలు గిట్టని మనిషి వచ్చి ఉంటే ఇచ్చేవాణ్ణా? ఇవ్వను అనిపిస్తే నేను అభిమానం చూపిస్తున్నానన్నమాట, దానికి సూత్రం అని పేరు పెట్టుకుంటున్నాను. ఇది రెండో వైపు కూడా పనిచేస్తుంది. ఆ అబ్బాయి స్థానంలో మీకు బాగా ఇష్టమైన ఉద్యోగి ఉండి ఉంటే, జీతం అంత తేలిగ్గా కట్ చేసేవారా?

ఇక సారీ సంగతి. చెప్పండి, కానీ ఇప్పుడే వద్దు. ముందు ఆ రెండు రోజుల జీతం తిరిగి వేయించే కాగితం మీ పేరు మీద, మీ సంతకంతో పైకి పంపండి. పైవాళ్లు ఒప్పుకోకపోతే ఆ రెండు రోజులూ వేరే సెలవు కింద సర్దే దారి ఉందేమో అడగండి. ఏదో ఒకటి తేలాక అతన్ని పిలిచి, "తేదీ చూశాను, మిగతాది చూడలేదు" అనండి చాలు. "నాకు ప్రిన్సిపుల్స్ లేవన్నావు కదా" అని మాత్రం ఎత్తకండి. ముందుగా వాళ్ల నాన్నగారికి ఎలా ఉందో అడగండి. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా కనబడలేదు.

మీవాడు రాసిచ్చిన రూల్ ఎలా ఉందో వీలైతే ఒక ముక్క రాయండి.